బరువు తగ్గించే ఇంజెక్షన్ వాడుతున్నారా? ముందు పప్పు, ఆఖరున అన్నం: తిండి విషయంలో సమగ్ర మార్గదర్శి

వారానికొక ఇంజెక్షన్. ఆకలి తగ్గుతుంది, బరువు దిగుతుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. 2025 మార్చిలో టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో, అదే ఏడాది జూన్‌లో సెమాగ్లూటైడ్ వెగోవీ పేరుతో మన దేశంలోకి వచ్చాయి. సెమాగ్లూటైడ్‌కు ఇక్కడి పేటెంట్ గడువు 2026 మార్చి వరకే కాబట్టి తక్కువ ధర రకాలకూ దారి తెరుచుకుంది. డాక్టరు చీటీ రాస్తారు, పెన్ను ఎలా గుచ్చుకోవాలో నర్సు చూపిస్తుంది. ఏం తినాలని అడిగితే మాత్రం చాలాచోట్ల వచ్చే జవాబు ఒక్కటే: "నూనె తగ్గించండి, అన్నం తగ్గించండి."

తగ్గించడం మందు తనంతట తానే చేయిస్తుంది. అందుకు మీ పట్టుదల పెద్దగా అక్కర్లేదు. మీరు చూసుకోవాల్సింది మరొకటి ఉంది. మన పళ్లెంలో మధ్యన అన్నం రాశి పోసి, పప్పూ కూరా దానికి కలుపుకోవడానికన్నట్టు కొంచెం కొంచెం వేసుకుంటాం. ఆకలి సగానికి పడిపోయాక కూడా అదే వరసలో తింటే అన్నంతోనే కడుపు నిండిపోతుంది, ఒంటికి అసలు కావాల్సినవి గిన్నెల్లోనే మిగిలిపోతాయి. బరువు తగ్గుతుంది కానీ తగ్గినదాంట్లో కండ వాటా పెరుగుతుంది, జుట్టు రాలుతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. కాబట్టి ఆ వరస తిరగెయ్యడమే ఇక్కడ ముఖ్యమైన పని.

మొదటి అడుగు: ఇంజెక్షన్‌కు ముందు

ఈ మందులు ఎవరికి? బీఎంఐ (ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క) 30 గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్లకు, లేదా 27 నుంచి మొదలై షుగర్, బీపీ లాంటివి తోడైనవాళ్లకు. మేనకోడలి పెళ్లినాటికి పాత జాకెట్టు పట్టాలని అయిదు కిలోల కోసం వాడేవి కావు.

డాక్టరు అడగకపోయినా మీరే నోరు తెరిచి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇంతకుముందు పాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) వచ్చిందా, గాల్‌బ్లాడర్‌లో (పిత్తాశయంలో) రాళ్లున్నాయా, మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా అన్నవి మొదటి వరసలోవి. పిల్లల కోసం ప్రయత్నించే ఆలోచన ఉంటే అదీ చెప్పాలి. సెమాగ్లూటైడ్‌ను గర్భానికి కనీసం 2 నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేవాళ్లలో గర్భనిరోధక మాత్రల పనితనం తగ్గవచ్చు. అందుకని మొదలుపెట్టిన 4 వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు, ఇంకో జాగ్రత్త కూడా పాటించమంటారు.

షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. తిండి తగ్గిపోయి పాత మందు పాత డోసులోనే ఉంటే షుగర్ అమాంతం పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ల ముందు చీకట్లు వస్తే అది "నీరసం" అని పడుకునే విషయం కాదు. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి, ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. బీపీ మాత్రలదీ ఇదే దారి. బరువు దిగేకొద్దీ పాత డోసు ఎక్కువైపోయి లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి.

రక్తపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), లివర్ పరీక్షలతో పాటు హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డి కూడా చూపించుకోండి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్లుగా వాడుతున్న శాకాహారులకు బీ12 ముందే తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ లోటుతోనే మొదలుపెడితే, తిండి తగ్గాక అది ఇంకా లోతుకు పోతుంది.

ఖర్చు లేని పని ఇంకొకటి: మొదలుపెట్టే ముందు ఓ వారం తిన్న పళ్లేలన్నీ ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. నడుం చుట్టుకొలత టేపుతో కొలిచి రాసుకోండి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో లెక్కపెట్టుకోండి. రెండు మూడు నెలల తర్వాత బరువు తూచే మిషన్ చెప్పని సంగతి ఈ లెక్క చెబుతుంది.

రెండో అడుగు: లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం

భోజనం చేశాక మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదల చేస్తాయి. "ఇక చాలు" అన్న కబురు మెదడుకు అందించేవాటిలో అదొకటి. సహజంగా అది కొద్ది నిమిషాల్లోనే కరిగిపోతుంది. సెమాగ్లూటైడ్ దాన్నే అనుకరిస్తూ వారమంతా ఒంట్లో నిలబడుతుంది. టిర్జెపటైడ్ జీఐపీ అనే మరో హార్మోన్ పని కూడా చేస్తుంది. రెండూ మెదడులో ఆకలి తగ్గిస్తాయి, కడుపులోంచి తిండి కిందికి దిగే వేగాన్నీ తగ్గిస్తాయి. ఈ వేగం తగ్గడం మొదటి వారాల్లోనూ డోసు పెంచినప్పుడూ ఎక్కువగా తెలుస్తుంది.

ఈ సంగతి తెలిస్తే తిండి నియమాలు వాటంతటవే అర్థమవుతాయి. నూనె పదార్థాలు మామూలుగానే కడుపులో ఆలస్యంగా కరుగుతాయి. మందు తోడైతే మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీ రాత్రి దాకా గొంతులోనే ఉన్నట్టుంటుంది. గబగబా తింటే కడుపు నిండిన సంగతి తెలిసేలోపే నాలుగు ముద్దలు ఎక్కువ పోతాయి, ఆ తర్వాత గంటసేపు వికారం. కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు రావడం కూడా చాలామంది చెప్పే బాధే. తిన్నది ఎక్కువసేపు నిలవ ఉన్నందువల్ల వచ్చేదే అది. భోజనం చిన్నదైతే చాలావరకు తగ్గుతుంది.

డోసు నెమ్మదిగా పెంచేదీ అందుకే. వెగోవీ 0.25 మి.గ్రా.తో మొదలై 4 వారాలకోసారి పెరుగుతూ 2.4 దాకా వెళ్తుంది. మౌంజారో 2.5తో మొదలై అవసరాన్ని బట్టి 15 మి.గ్రా. దాకా. పక్కింటాయన 10లో ఉన్నాడని మీరూ అక్కడికి పరుగెత్తనక్కర్లేదు. తక్కువ డోసులోనే బరువు సాఫీగా దిగుతూ, ప్రొటీన్ సరిపడా తినగలుగుతుంటే అక్కడే ఇంకొంతకాలం ఉండవచ్చేమో డాక్టరును అడగండి. నా దృష్టిలో అన్నం చూస్తేనే మొహం తిప్పుకునేంత డోసు విజయానికి గుర్తు కాదు.

మూడో అడుగు: ప్రొటీన్ లెక్క

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

2021లో వెలువడ్డ స్టెప్ 1 పరిశోధనలో సెమాగ్లూటైడ్ 2.4 మి.గ్రా. వాడినవాళ్లు 68 వారాల్లో సగటున సుమారు 15 శాతం బరువు తగ్గారు. వాళ్లలో కొందరి ఒంటిని స్కాన్ చేసి చూస్తే, తగ్గిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాదు, కండ లాంటి కొవ్వేతర భాగం. టిర్జెపటైడ్ పరిశోధనలో ఆ వాటా సుమారు పాతిక శాతం. ఏ పద్ధతిలో బరువు తగ్గినా కొంత కండ పోవడం మామూలే. కానీ మన భారతీయుల ఒళ్లు మొదటి నుంచీ కండ తక్కువ, పొట్ట కొవ్వు ఎక్కువ అన్న తీరుది. పోగొట్టుకోవడానికి మన దగ్గర ఉన్నదే తక్కువ.

ఇప్పుడు మన ఇళ్లలో మామూలు రోజు తిండిని లెక్కేద్దాం. పొద్దున 4 ఇడ్లీలు, చట్నీ: 10 గ్రాముల ప్రొటీన్. రెండు కాఫీల్లోని పాలు: 6. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం, కప్పు పప్పు, కొంచెం పెరుగు: 18 లేదా 19. రాత్రి మళ్లీ రెండు కప్పుల అన్నం, బెండకాయ వేపుడు, పెరుగు: 13 లేదా 14. మొత్తం కలిపితే 48 గ్రాముల దాకా. మందు మొదలయ్యాక ఇదే తిండి సగం తింటే 24. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు భారతీయ వైద్య పరిశోధన మండలి చెప్పే లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువు తగ్గే మందు మీద ఉన్నవాళ్లకు నిపుణులు ఇంకా ఎక్కువే చెబుతారు: కిలోకు 1 నుంచి 1.5 గ్రాముల దాకా.

ఏ కిలోలకు? ఇప్పటి బరువుకు లెక్కేస్తే అంకె భయపెడుతుంది. మీ ఎత్తుకు చేరదగ్గ బరువు తీసుకోండి. 92 కిలోలున్న మనిషి 70 కిలోలకు రాదగ్గవాడైతే రోజుకు 70 నుంచి 105 గ్రాములు. క్రియాటినిన్ పెరిగి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క తామే వేసుకోకూడదు, కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) చెప్పిన అంకె దాటకూడదు.

వంటింట్లో గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు ఇవి, అన్నీ ఉజ్జాయింపుగా: గుడ్డుకు 6 గ్రాములు. ఉడికిన చికెన్ 100 గ్రాములకు 25కు పైనే, చేపకు 20. పనీర్ 100 గ్రాములకు 18. మీల్ మేకర్ పొడిగా 30 గ్రాములు తూచి వండితే 15, శాకాహారులకు ఇంత చవగ్గా దొరికే ప్రొటీన్ మరొకటి లేదు. నానబెట్టకముందు 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 12. కందిపప్పు 40 గ్రాములు వండితే 9. శనగల గుగ్గిళ్లు, పొడి బరువు 30 గ్రాములకు 6. గ్లాసు పాలకు 6 నుంచి 7. మామూలు పెరుగు 100 గ్రాములకు 3 మాత్రమే. పల్చటి గుడ్డలో కట్టి వేలాడదీసి నీరు ఓడ్చితే అదే గిన్నెడు పెరుగులో ప్రొటీన్ చిక్కబడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ శ్రమ లేదు, గ్రీక్ యోగర్ట్ ఆ పనే చేస్తుంది.

పప్పుచారును ప్రొటీన్ లెక్కలో వెయ్యకండి. అందులో పప్పు కన్నా చారే ఎక్కువ. ముద్దపప్పు వేరు.

తినే వరస ఇలా మార్చుకోండి. పళ్లెంలో ముందు పప్పు గిన్నె, గుడ్డో చేపో పనీరో ఉండాలి. చెంచాతో అవి సగం తిన్నాక కూర. ఆ తర్వాతే అన్నం, కడుపులో చోటుంటే. మొదట్లో ఉత్త పప్పు చెంచాతో తినడం వింతగా ఉంటుంది, అత్తగారు "అన్నం లేకుండా ఏమిటమ్మా ఆ తినడం" అంటారు. పప్పులో నెయ్యి చుక్క, నిమ్మకాయ పిండుకుంటే దిగుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కూడా ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం మించవద్దనే ఉంది. అంటే ఈ వరస మందు వాడని ఇంట్లోవాళ్లకూ పనికొచ్చేదే.

ప్రొటీన్ పొడుల సంగతి. అవే మార్గదర్శకాలు కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దంటాయి. జిమ్ కుర్రాళ్లకు ఆ మాట చెల్లుతుంది. కానీ వికారంతో రెండు ముద్దలు కూడా దిగని వారంలో గ్లాసు పాలలో చెంచాడు పొడి కలుపుకోవడం తప్పేమీ కాదు. కిడ్నీ పరీక్ష బాగుండాలి, డాక్టరుకు తెలిసి ఉండాలి, పంచదార కలపనిదై ఉండాలి. తిండికి బదులుగా అదే అలవాటైపోకూడదు.

నాలుగో అడుగు: రెండు రోజుల నమూనా

శాకాహార రోజు. పొద్దున 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, అల్లం చట్నీ. పదకొండింటికి గుప్పెడు శనగల గుగ్గిళ్లు. మధ్యాహ్నం ముందుగా గట్టి తోటకూర పప్పు, మీల్ మేకర్ కూర, తర్వాత చిన్న గరిటెడు అన్నం, గిన్నెడు పెరుగు. సాయంత్రం గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన పల్లీలు. రాత్రి ఒక జొన్నరొట్టె, 75 గ్రాముల పనీర్‌తో పాలకూర. ఇది 70 గ్రాములు దాటుతుంది.

మాంసాహార రోజు ఇంకా తేలిక. పొద్దున రెండు గుడ్లు, ఒక దోసె. మధ్యాహ్నం రెండు ముక్కలు చేపల పులుసులోవి, కొంచెం పప్పు, కొంచెం అన్నం, పెరుగు. సాయంత్రం గ్లాసు పాలు. రాత్రి నూనె తక్కువగా వండిన కోడికూర నాలుగైదు ముక్కలు, ఒక రొట్టె, కీరా. ఆదివారం ఒక్కరోజు మాంసం, మిగతా ఆరు రోజులు ఆవకాయ అన్నం అంటే లెక్క కుదరదు. రోజూ కొంత ఉండాలి.

రాగిజావ గురించి చిన్న మాట. కాల్షియానికి అది చాలా మంచిది, వికారంలోనూ దిగుతుంది. కానీ అందులో ప్రొటీన్ తక్కువ. నీళ్లతో కాచి ఉప్పేసుకుంటే అది పూట భోజనం కాదు. పాలో మజ్జిగో కలపాలి.

ఎంత తక్కువ తినవచ్చు అంటే, డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఆడవాళ్లు రోజుకు 1200, మగవాళ్లు 1500 కేలరీల కిందికి పోకూడదన్నది సాధారణంగా చెప్పే హద్దు. వారానికి ఒంటి బరువులో ఒక శాతం కన్నా వేగంగా, వారాల తరబడి దిగుతుంటే సంబరపడకుండా చెప్పాలి. వేగంగా తగ్గితే గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. నూనె చుక్క కూడా ముట్టకపోవడం అందుకు తోడవుతుంది, ఎందుకంటే కొంత కొవ్వు పడితేనే గాల్‌బ్లాడర్ కదిలి ఖాళీ అవుతుంది. పప్పులో చెంచాడు నెయ్యి, పోపులో చెంచాడు నూనె ఉండనివ్వండి.

అయిదో అడుగు: వారంలో రోజుల లెక్క

ఇంజెక్షన్ ఏ రోజైనా, ఏ వేళైనా, తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. వేసుకున్న తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల్లో మందు రక్తంలో ఎక్కువ స్థాయికి చేరుతుంది, వికారం కూడా చాలామందికి అప్పుడే. శుక్రవారం రాత్రి వేసుకుంటే ఆఫీసు రోజులు తేలిగ్గా గడుస్తాయని కొందరంటారు. శని, ఆదివారాల్లో పెళ్లిళ్లు, బిర్యానీలు ఉండే ఇళ్లలో అది తిరగబడుతుంది. మీ ఇంటి తీరు చూసి రోజు ఎంచుకోండి. రోజు మార్చాలంటే రెండు డోసుల మధ్య సెమాగ్లూటైడ్‌కు కనీసం 2 రోజులు, టిర్జెపటైడ్‌కు కనీసం 3 రోజుల ఎడం ఉండాలి.

వికారం రోజుల్లో ఒక్కసారిగా భోజనానికి కూర్చోకండి. రెండు మూడు గంటలకోసారి కొంచెం: ఇడ్లీ, మెత్తటి పెసరపప్పు కట్టు, పెరుగన్నం, శొంఠి వేసిన మజ్జిగ. వేడి తిండి కన్నా చల్లారినది మేలు, వాసన తక్కువ. ఇంట్లో పోపు ఘాటు లేచే వేళకు బాల్కనీలోకి వెళ్లండి. తిన్న వెంటనే పడుకోవద్దు. రాత్రి భోజనం నిద్రకు మూడు గంటల ముందే ముగిస్తే గొంతులో మంట చాలా తగ్గుతుంది.

ఇంజెక్షన్ కాకుండా షుగర్‌కు సెమాగ్లూటైడ్ మాత్ర, రైబెల్సస్, వాడేవాళ్లది వేరే లెక్క. పరగడుపున, 120 మి.లీ. మించని నీళ్లతో, అంటే అరగ్లాసుతో, వేసుకుని కనీసం 30 నిమిషాలు ఏమీ ముట్టకూడదు. కాఫీ కూడా. మన ఇళ్లలో ఈ మందు సరిగ్గా పనిచెయ్యకపోతే ముందు అనుమానించాల్సింది తెల్లారి ఫిల్టర్ కాఫీనే. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే వేసుకునేవాళ్లు రెండింటికీ వేళలు డాక్టరుతో కుదుర్చుకోండి.

ఆరో అడుగు: నీళ్లు, పీచు

ఆకలితో పాటు దాహం కూడా కొందరికి మందగిస్తుంది. తిండిలోంచి వచ్చే నీరూ తగ్గుతుంది. వాంతులో విరేచనాలో తోడైతే కిడ్నీల మీద పడుతుంది. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండల్లో ఉండేవాళ్లకు ఇది మామూలు హెచ్చరిక కాదు. రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు, గుక్క గుక్కగా. భోజనంతో పాటు గ్లాసులకు గ్లాసులు తాగితే తిండికి చోటుండదు. అరగంట ముందో తర్వాతో తాగండి. పల్చటి మజ్జిగ, నిమ్మరసం నీళ్లు, వాంతులైన రోజు ఓఆర్ఎస్. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు కొలిచి తాగమని చెప్పినవాళ్లకు ఆ కొలతే వర్తిస్తుంది. కిడ్నీ సమస్య ఉంటే కొబ్బరినీళ్లలోని పొటాషియం గురించీ అడగాలి.

మలబద్ధకం చాలామందికి ఏదో ఒక దశలో వస్తుంది. తినే రాశి తగ్గడం, పేగుల కదలిక మందగించడం రెండూ కారణాలే. బీరకాయ, సొరకాయ, తోటకూర, గోంగూర, జామపండు, బొప్పాయి రోజూ ఏదో రూపంలో ఉండాలి. ఇసబ్‌గోల్ వాడితే చెంచాతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి, దాని మీద గ్లాసు నిండా నీళ్లు తప్పనిసరి. నీళ్లు తక్కువైతే అది ఇంకా గట్టిపడుతుంది. కడుపుబ్బరంగా ఉన్న వారంలో ఒక్కసారిగా పచ్చి సలాడ్లు, శనగలు పెంచెయ్యకండి. వండిన కూరగాయలే మేలు.

ఏడో అడుగు: పెళ్లి భోజనం, ఉపవాసం, మందు గ్లాసు

నిషేధాల చిట్టా రాస్తే ఎవరూ పాటించరు. నిజంగా బాధపెట్టేవి ఇవి: పునుగులు, బజ్జీలు, పూరీ లాంటి వేపుళ్లు, ప్లేటు నిండా బిర్యానీ, కూల్‌డ్రింకులు, నూనె తేలే మసాలా కూరలు. బిర్యానీ తినాలనుంటే ముక్కలు ముందు తిని, రైతా పెట్టుకుని, నాలుగు చెంచాల అన్నంతో ఆపేయండి. సంక్రాంతి అరిసె సగం తింటే కొంప మునగదు.

కష్టం తిండితో కాదు, వడ్డించేవాళ్లతో. "ఇంకొక్క గరిటె" అనే పిన్నికి మందుల సంగతి అందరి ముందూ చెప్పాలని ఎవరికీ ఉండదు. బంతిలో కూర్చుంటే మొదట్లోనే అన్నీ కొంచెం కొంచెం వేయించుకుని, నెమ్మదిగా తింటూ విస్తరి ఖాళీ కాకుండా చూసుకోండి. ఖాళీ విస్తరి కనిపిస్తేనే గరిటె దిగుతుంది. "కడుపు బాగాలేదు పిన్నీ" అన్న మాటకు ఇప్పటికీ మన దగ్గర ఎదురు లేదు. బఫే అయితే పప్పు, పనీర్, గుడ్డు ఉన్న వైపు ముందు వెళ్లండి.

ఉపవాసాల విషయం నిష్ఠతో పాటు వైద్యానికీ సంబంధించింది. ఏకాదశి, కార్తీక సోమవారం లాంటి ఒక్కరోజువి పాలు, పండ్లు, మజ్జిగతో చేస్తే షుగర్ మందులు లేనివాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. నిర్జల ఉపవాసం మాత్రం వద్దు. అయ్యప్ప దీక్షలో రోజుకొకటే భిక్ష అంటే ప్రొటీన్ అంతా ఒక్క భోజనంలో దిగదు, రాత్రి ఫలహారంలో పాలు, పల్లీలు, గుగ్గిళ్లు చేర్చుకోవాలి. రంజాన్ ఉపవాసాలుండేవాళ్లు నెల ముందే డాక్టరును కలవాలి. ఆ నెలలో డోసు పెంచకపోవడం మంచిది. ఇఫ్తార్‌లో హలీం చిన్న గిన్నెతో ఆపితే ప్రొటీన్ కూడా దొరుకుతుంది, సమోసాలతో మొదలుపెడితే రాత్రంతా కడుపులో బరువే.

మద్యం కొందరికి దానంతటదే రుచించకుండా పోతుంది. తాగేవాళ్లు ఖాళీ కడుపుతో తాగకూడదు, షుగర్ మందులున్నవాళ్లయితే అసలు వద్దు. పాంక్రియాటైటిస్ చరిత్ర ఉన్నవాళ్లకు ఈ ప్రశ్నే లేదు.

ఎనిమిదో అడుగు: కండకు పని, జుట్టుకు ఓపిక

తిన్న ప్రొటీన్ కండకు చేరాలంటే కండకు పని ఉండాలి. నడక గుండెకు మంచిదే, ఉన్న కండ నిలుపుకోవడానికి అదొక్కటే చాలదు. వారానికి రెండు మూడు రోజులు బరువుతో కూడిన వ్యాయామం చెయ్యాలి. జిమ్‌కు వెళ్లలేనివాళ్లకు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం, రెండు చేతుల్లో నీళ్ల సీసాలు పట్టుకుని ఎత్తడం సరిపోతాయి. అరవై దాటినవాళ్లకు ఇది మందుతో సమానంగా అవసరం.

మూడు నాలుగు నెలలకు దువ్వెనలో జుట్టు కనిపిస్తే కంగారు పడతారు. బరువు త్వరగా తగ్గినప్పుడు ఇది ఎక్కువగా వచ్చేదే, సాధారణంగా కొన్ని నెలల్లో తిరిగి మొలుస్తుంది. ప్రొటీన్, ఐరన్, బీ12, థైరాయిడ్ ఒకసారి సరిచూసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే జుట్టు గమ్మీలకు డబ్బు పోసేముందు హిమోగ్లోబిన్ పరీక్షకు పెట్టడం నయం. ఐరన్ మాత్ర వేసుకుంటే దానికి గంట అటూ ఇటూ టీ, కాఫీ వద్దు. ఆకుకూర మీద నిమ్మరసం పిండుకోండి.

ఎప్పుడు ఆగకుండా డాక్టరు దగ్గరికి

పైకడుపులో విడవకుండా వచ్చే తీవ్రమైన నొప్పి, వీపులోకి పాకుతుంటే పాంక్రియాటైటిస్ కావచ్చు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, జ్వరం, కళ్లు పసుపెక్కడం గాల్‌బ్లాడర్ సంకేతాలు. నీళ్లు కూడా నిలవకుండా రోజంతా వాంతులు, మూత్రం బాగా తగ్గిపోవడం, చూపులో హఠాత్తుగా తేడా కూడా అంతే. ఇవి జీలకర్ర నీళ్లతో తగ్గేవి కావు. ఏదైనా ఆపరేషన్‌కు, ఎండోస్కోపీకి వెళ్లేముందు ఈ ఇంజెక్షన్ వాడుతున్నట్టు మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. ఉదయం నుంచి ఏమీ తినకపోయినా కడుపులో తిండి మిగిలి ఉండే అవకాశం ఉంది.

మందు తగ్గించేటప్పుడు

స్టెప్ 1లో పాల్గొన్న కొందరిని మందు ఆపాక ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ, అందులో మనిషి తప్పేమీ లేదు. కాబట్టి ఖర్చు వల్లనో మరో కారణంతోనో ఆపాలనుకుంటే ఒక్కసారిగా కాకుండా డాక్టరుతో మాట్లాడి ఎలా ఆపాలో ముందే నిర్ణయించుకోండి.

ఆకలి తిరిగి రావడం మందు ఆపిన కొన్ని వారాలకు తెలుస్తుంది. అప్పటికి పప్పు ముందు, అన్నం ఆఖరున అన్న వరస చేతికి అలవాటై ఉండాలి. ఆ నెలల్లో గిన్నెలు మార్చకండి, అన్నం వడ్డించే గరిటె కూడా మార్చకండి. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే పరగడుపున బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి. వరసగా రెండు మూడు వారాలు పెరుగుతూ, మొత్తం రెండు కిలోలు దాటితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారమే ఫోన్ చెయ్యండి. పది కిలోలయ్యాక వెళ్లేవాళ్లకన్నా రెండు కిలోలకే వెళ్లేవాళ్లకు డాక్టరు దగ్గర చేయగలిగినవి ఎక్కువుంటాయి.